పక్కకి తిరిగే కత్తి

భార్య పోయిన రోజున మాస్టారు వంటింట్లోకి వెళ్లి చూస్తే, ఆమె కత్తి చెక్కపీటకి ఎడమవైపున, ఎప్పుడూ పెట్టే చోటే, తుడిచి ఆరబెట్టి ఉంది. ఆమె ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటమనిషి. జపాను తరహా కత్తి అది, తన జీతంలోంచి చేయించుకుంది. ఒంటి నిండా నీటి అలల్లాంటి గీతలు, నల్లకర్ర పిడి. తయారై రావడానికి నాలుగు నెలలు పడుతుందని దుకాణం వాళ్లు చెప్పినప్పుడు, "కత్తికి నాలుగు నెలలేమిటి?" అని మాస్టారు అడిగారు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ తర్వాత ఎనిమిది నెలలుగా దాన్ని ఎవరూ ముట్టుకోగా ఆయన చూడలేదు. అయినా ఒక్క తుప్పు చుక్క లేదు.

ఆ ఆదివారం పొద్దున మాస్టారు ఒక చిన్న పని పెట్టుకున్నారు. పదో తరగతి చదువుతున్న కూతురు తల్లి పోయినప్పటి నుంచి బల్ల దగ్గర కూర్చుని తినడం లేదు. పళ్లెం తన గదిలోకి తీసుకెళ్లి సగం వదిలేస్తోంది. ట్యూషన్ నుంచి పదకొండింటికి వస్తుంది. ఆలోగా వాళ్లమ్మ కోసినట్టు కీరదోసకాయని అవతలి మనిషి కనబడేంత పల్చగా కోసి బల్ల మీద పెడితే, కూర్చుంటుందేమో. అంతే ఆయన ఆశ.

మొదటి కోత నిటారుగా మొదలై సగంలో కుడివైపుకి జారింది. ముక్క పైన మందంగా, కింద ఏమీ లేకుండా వచ్చింది. మాస్టారు మణికట్టు బిగించారు. కత్తి మళ్లీ అటే తిరిగింది, ఎవరో మెత్తగా, మర్యాదగా పక్కకి తప్పించినట్టు. పిడి కూడా అరచేతిలో ఎక్కడో ఒత్తుతోంది, అప్పటికే దాన్ని ఇంకొక చెయ్యి పట్టుకుని ఉన్నట్టు. ఆయన కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, పక్క వాటాలో ఉన్న అక్కనీ బావనీ పిలిచారు.

"ఇలా తే. మగాళ్లకి కత్తేం లొంగుతుంది" అంటూ అక్క రెండు ముక్కలు కోసింది. మూడోది కొయ్యలేదు.

"నన్ను నెడుతోందిరా" అంది మెల్లగా.

"నిన్ను కూడానా?"

"కూడానా అంటే? తెలిసే నా చేతికిచ్చావా?"

బావ తూకం మిషన్లు బాగుచేసి రిటైరైన మనిషి. దయ్యాల్ని నమ్మరు, కొలతల్ని నమ్ముతారు. నాలుగు ముక్కలు కోసి, వరసగా పేర్చి, స్కేలు పెట్టి చూశారు. ఆయన ముఖం మారింది.

"నాలుగూ ఒకే కొలతలో వంకర. మనిషి చేసే తప్పు ఇలా ఉండదోయ్."

"మరి ఎవరు చేసినట్టు?" అంది అక్క.

బావ వంగి బల్ల కాళ్ల వైపు చూశారు. "బల్ల. బల్ల వాలి ఉంది."

గ్లాసుతో నీళ్లు పెట్టి చూస్తే బల్ల సమంగానే ఉంది. బావ ఒప్పుకోలేదు. కాలు కింద అట్టముక్క దూర్చబోతే కాలు ఊడి చేతిలోకి వచ్చింది. బోల్టు దొర్లుకుంటూ సామాన్ల బీరువా కిందకి పోయింది. బోల్టు కోసం బీరువా జరిపితే, పైనున్న డబ్బా గోడ గడియారానికి తగిలి గడియారం ఆగిపోయింది. ఇంకాస్త జరిపితే బీరువా మూల స్విచ్‌బోర్డుని గుద్ది లైటు ఆరిపోయింది. ఆ వంటింటికున్న ఒక్క కిటికీ ఇప్పుడు బీరువా వెనక ఉంది.

గదిలో కీరదోసకాయ వాసన మాత్రం మిగిలింది. తలుపు సందులోంచి వచ్చిన సన్నటి వెలుగులో కత్తి మీది అలలు కదిలాయి. కదిలింది వెలుగో, అలలో ముగ్గురిలో ఎవరూ తేల్చుకోలేకపోయారు.

"అమ్మాయ్" అంది అక్క కత్తి వైపు చూస్తూ. "నేనే, మీ వదినని. నీ వంటిల్లు మాకేం వద్దమ్మా. పిల్ల కోసం వచ్చాం, అంతే." తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "సాయంత్రంలోగా దీన్ని ఆ క్యాంటీన్ వాళ్లకి ఇచ్చెయ్యి. మనం ఇక్కడ ఉండటం తనకి ఇష్టం లేదు."

మాస్టారు కాదనలేదు. తన మీద ఆమెకి కోపం ఉండదని ఆయన గట్టిగా అనుకోలేకపోయారు. కత్తిని పాత పేపర్లో చుట్టడం మొదలుపెట్టారు. రెండు మడతలు వేశాక చేతులు సాగలేదు.

తలుపు తెరుచుకుంది. కూతురు గుమ్మంలోనే ఆగిపోయింది. చీకటి గది, మూడుకాళ్ల బల్ల, కత్తి చుట్టూ ముగ్గురు పెద్దవాళ్లు.

"ఎవర్ని కోశారు?" అంది.

"కీరదోసకాయని" అన్నారు మాస్టారు. "నీ కోసమే. వంకరగా వస్తోంది."

ఆ పిల్ల పేపరు విప్పి, కత్తిని ఎడమచేత్తో పట్టుకుంది. మిగిలిన కాయని చప్పుడు లేకుండా కోసింది. కత్తి ఎటూ తిరగలేదు. ఒక ముక్కని పైకెత్తి, దానిలోంచి మేనత్తని చూసింది.

"ఇది ఎడమచేతి కత్తి నాన్నా. ఒక పక్కే సానపట్టి ఉంటుంది, రెండో పక్క చదును. పిడి కూడా ఎడమచేతికి సరిపోయేలా చెక్కిందే. మీరంతా కుడిచేత్తో కోస్తే పక్కకి పోతుంది."

"కొలతలో ఏదో ఉందని నేను చెప్పలా?" అన్నారు బావ.

"మీరు బల్ల అన్నారు" అంది అక్క. "మరి ఇన్నాళ్లూ తుప్పెందుకు పట్టలేదే?"

"వారానికోసారి నేనే నూనె రాస్తున్నా అత్తా."

"నీకివన్నీ ఎవరు చెప్పారు?" అని మాస్టారు అడిగారు.

"అమ్మ. బడిలో కుడిచెయ్యి, వంటింట్లో ఎడమచెయ్యి, నాన్నకి చెప్పకు అంది."

భార్యది ఎడమచేతివాటమని మాస్టారికి తెలుసు, కత్తికీ ఆ వాటం ఉంటుందని తెలియదు. కూతురికీ అదే వస్తుంటే, ఒకటో తరగతిలో పెన్సిలు లాగి కుడిచేతిలో పెట్టింది ఆయనే. రోజుకో పేజీ చొప్పున ఏడాది రాయించారు. పిల్ల ఏడ్చిన రోజుల్లో కూడా పేజీ తగ్గించలేదు. భార్య అప్పుడు ఏమీ అనలేదు. ఈ కత్తికి ఆమె ఆర్డరిచ్చింది ఆ ఏడాదే.

కాలు లేని మూలని మోకాలితో మోస్తూ, ఆ పిల్ల బల్ల దగ్గరే కూర్చుని పళ్లెం ఖాళీ చేసింది.

బోల్టు ఇంకా బీరువా కిందే ఉంది. ఆ పెన్సిలు గురించి కూతురికి చెప్పవలసిన మాట మాస్టారు ఇంకా చెప్పలేదు.