యాభయ్యేళ్లకు పిల్లనడగబోయిన దూలయ్య

ఆ పొద్దున దూలయ్య పెట్టుకున్న పని ఒకటే. జావ తాగి, ఇంటిది జంపక్క చేత నాలుగు తిట్లు తిని, కోళ్లగూడు బాగుచేసుకోవాలి. జావ తాగాడు, తిట్లూ తిన్నాడు. గూడు దగ్గరికి పోయేలోగా మనవడు పవన్ భద్రాచలం నుంచి బండి మీద వచ్చి దిగాడు. బండి వెనక చుట్టచుట్టిన ఫ్లెక్సీ ఉంది.

పవన్ భద్రాచలంలో బ్యాంకు ఉద్యోగి. తనతోపాటు పనిచేసే నాగలతను ఇష్టపడ్డాడు. ఆమెది తల్లాడ. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొని స్థిరపడ్డారు. ఆదివారం ఆమె తల్లిదండ్రులు బసవపున్నయ్య, పున్నమ్మ ఈ ఊరికి వస్తున్నారు. వాళ్ల ముందు తాతా నాయినమ్మల యాభయ్యో పెళ్లిరోజు ఘనంగా జరిపితే సంబంధం ఖాయమవుతుందని పవన్ ఉపాయం. పెళ్లి ఏ రోజు జరిగిందని ముందే ఫోన్లో అడిగాడు. "ఐతారం పెట్టుకో బిడ్డా" అన్నాడు దూలయ్య. మేకను కోస్తారని విన్నాక మిగతా సంగతులు ఎవరికి కావాలి?

ఫ్లెక్సీ కట్టారో లేదో, ఊరిపెద్ద ముత్తయ్య దాని కింద నిలబడి చదివించుకున్నాడు.

"దూలయ్యా, గీ పెళ్లెప్పుడైంది? నేను తిన్నట్టు యాది లేదే!"

దూలయ్య తల గోక్కున్నాడు. "కాలె."

"కాలేదా?" పవన్ అదిరిపడ్డాడు. "మరి మా నాయిన? మేమందరం?"

"అవ్, మీరందరు అయిండ్రు. పెళ్లే కాలె."

వాళ్ల ఊళ్లో ఆ రోజుల్లో అది తప్పేమీ కాదు. ఇష్టపడ్డవాళ్లు కాపురం పెట్టేసేవారు. చేతిలో కాస్త డబ్బు ఆడినప్పుడు ఊరికి విందు పెట్టి పెళ్లి అనిపించుకునేవారు. దూలయ్యకు ముందు చేతిలో ఆడలేదు, తరువాత గుర్తులేదు.

"పట్నంల సాఫ్ట్‌వేరోళ్లు గిట్లుంటె లివిన్ అంటరు తాతా, పేపర్ల రాస్తరు!"

"రాయనీ. వాళ్లు ఆలస్యంగ నేర్సుకుంటె మనమేం జేస్తం?"

ముత్తయ్య మాత్రం పట్టు వదల్లేదు. "కాపురం మీ ఇష్టం. ఊరికి కూడు పెట్టకుండ పెళ్లయిందని బోర్డు కట్టుడు మాత్రం తప్పు."

"అయితే ఆదివారమే పెళ్లి చేసేద్దాం" అన్నాడు పవన్. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటం అప్పుడే మొదలైంది.

పెళ్లికూతురు పుట్టింటి నుంచి రావాలన్నాడు ముత్తయ్య. కబురందిన జంపక్క తమ్ముడు కన్నయ్య దుమ్ముగూడెం అవతలి నుంచి ఆటోలో వచ్చి, అక్కను ఎక్కించుకుపోయాడు. ఆమె కొత్త చీర సంచిలో పెట్టుకుని, వెనక్కి కూడా చూడలేదు.

దూలయ్యకు ఉప్పు ఎక్కడుందో తెలియలేదు. అన్నం మాడింది. మాడినందుకు బాధ లేదు, మాడిందని తిట్టేవాళ్లు లేరు. జంపక్క లేకపోతే ఇది ఉత్త గుడిసె అని తెలిసి ఆ ముసలివాడికి నిజంగా భయం వేసింది.

తెల్లారి ఇప్పసారా కుండ పట్టుకుని, ముత్తయ్యను వెంటబెట్టుకుని పిల్లనడగబోయాడు. బావమరిది అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"పిల్లనిచ్చుడంటే ఊకెనా బావా? ఓలి ఇయ్యాలె." మగపెళ్లివారు ఆడపెళ్లివారికి ఇచ్చుకునేదే ఓలి.

"గిన్నేండ్ల సంది అడగలేదు గదరా!"

"నువ్వు పిల్లనడగలె, మేం ఓలి అడగలె."

ఓలి కింద మేకలిచ్చేట్టు బేరం తెగింది. పీడ వదిలిందనుకుంటే కన్నయ్య మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "పిల్ల ఇష్టం గూడ అడగాలె గద!"

లోపలికి పోయాడు. లోపల జంపక్క పగలబడి నవ్వడం దూలయ్యకు వినబడింది. కన్నయ్య బయటికి వచ్చి, "ఆలోచిస్తదంట. మాట పందిట్లనే చెప్తదంట" అన్నాడు. దూలయ్యకు తలప్రాణం తోకకు వచ్చింది. పుట్టింట్లో వండే పని లేదు, మోసే పని లేదు. ఆమె ఎందుకు తిరిగి వస్తుంది?

ఆదివారం దూలయ్య ఇంటి ముందు పందిరి వేశారు. మేకలు వచ్చాయి, ఊరు వచ్చింది, తల్లాడ వాళ్లూ వచ్చారు. కొత్త చీరలో కూర్చున్న జంపక్కను ముత్తయ్య అడిగాడు. "పిల్లా, దూలయ్య నీకు ఇష్టమేనా?"

పున్నమ్మ భర్త చెవి దగ్గరికి వంగింది. "చూశారా, అడుగుతున్నారు! నన్నెవరడిగారండీ? పీటల మీద కూర్చునేదాకా మీరు పొడుగో పొట్టో కూడా నాకు తెలీదు."

బసవపున్నయ్య కండువా సర్దుకున్నాడు.

"ఈ పెళ్లి నాకొద్దు" అంది జంపక్క.

పవన్ తల్లాడ వాళ్ల వైపు చూడలేక నేల చూశాడు. దూలయ్య ముందుకొచ్చాడు. "ఎందుకే? నేనేం తప్పు జేసిన?"

"నువ్వేం జేయలె. ఆనాడు తునికాకు కోయపోయి, నా ఇష్టంతోని నీ ఎంట వచ్చిన. నన్నెవ్వరు ఇయ్యలె, ఎవ్వరు తీసుకోలె. ఇన్నేండ్లకు ఈ కన్నిగాడు నన్ను మేకలకు ఇచ్చుడేంది? గా మేకలను కోసి ఊరికి పెట్టుండ్రి. నేను ఇంటికి పోతున్న."

"ఏ ఇంటికే?" దూలయ్య అడిగాడు.

"నాకెన్ని ఇండ్లున్నయ్? నడువు."

ఆమె లేచి గుడిసెలోకి పోయింది. దూలయ్య తలపాగా జారిపోతున్నా చూసుకోకుండా ఆమె వెనకే పరుగెత్తాడు. అతడి కళ్లలో నీళ్లు ఊరంతా చూసింది, అతడు దాచుకోలేదు.

పున్నమ్మ కళ్లు ఒత్తుకుంది. "ఏవండీ, మన పిల్లను ఈ ఇంటికే ఇద్దాం" అంది. వెంటనే నాలుక కరుచుకుని, "ఇవ్వడమేమిటి, వెళ్తానంటే పంపిద్దాం" అని దిద్దుకుంది. పవన్‌కు పోయిన ప్రాణం లేచివచ్చింది.

ఆ మధ్యాహ్నం ఊరంతా కడుపునిండా పెళ్లిభోజనం చేసింది. పెళ్లి ఒక్కటే జరగలేదు.