స్వేచ్ఛగా ఇంటికి పోవు విధానం

ఇలా దగ్గరికి జరగండమ్మా, గోడకానుకుని కూర్చోండి, చెబుతాను. ఈ భూమ్మీద పిల్లలకి సంపూర్ణ స్వేచ్ఛ ఉన్నది ఒకే ఒక్క చోట. మన ఊళ్ళో కొత్తగా పెట్టిన ఇంటర్నేషనల్ ప్రీస్కూల్లో, గేటు మూశాక, బూట్లు విప్పాక.

అక్కడ మాంటిస్సోరి పద్ధతి. పిల్లవాడు నచ్చిన పని తానే ఎంచుకుంటాడు, తనంతట తానే చేసుకుంటాడు, పెద్దవాళ్ళు మధ్యలో వేలు పెట్టరు. (మంచి మాటే. ఆ పద్ధతి కనిపెట్టిన తల్లి పిల్లల మీద ప్రేమతోనే కనిపెట్టి ఉంటుంది. తరవాత దానికి నిబంధనలు రాసినవాళ్ళ సంగతే నేను చెప్పేది.)

ఒకరోజు మధ్యాహ్నం మనవణ్ణి తీసుకుపోదామని ఒక తాత వచ్చాడు. బతుకంతా బస్సు కండక్టరుగా చేసినవాడు. ఆయన విజిలేస్తే నిండు బస్సు కదిలేది. ఆయన కోడలు ఆస్పత్రిలో ఉంది, ఆడపిల్లని కన్నది. ఆమె మొదటి బిడ్డే ఈ మనవడు, బుడ్డోడు. వాడు తల్లిని చూసి వారం దాటింది. ఆ వార్డులోకి చిన్నపిల్లల్ని వదిలేది వారానికి ఒక్కరోజు, నాలుగు నుంచి అయిదు దాకా. ఆ రోజు ఇవాళే. "నాన్నా, అది పొద్దుట్నుంచీ తలుపుకేసే చూస్తోంది, వాణ్ణి తొందరగా తీసుకురా" అని కొడుకు ఫోను కూడా చేశాడు.

తాత గుమ్మంలో నిలబడి, "ఒరే బుడ్డోడా, రారా, అమ్మ దగ్గరికి పోదాం!" అని కేకేశాడు.

స్వేచ్ఛా పర్యవేక్షణాధికారిణి అనే ఆవిడ మునివేళ్ళ మీద పరిగెత్తుకొచ్చింది.

"తాతగారూ, ఇక్కడ పిల్లల్ని రమ్మనకూడదండీ. ఆహ్వానించాలి."

"నా మనవణ్ణి పిలవడానికి పెళ్ళిపత్రిక అచ్చేయించాలా తల్లీ?"

"అక్కర్లేదండీ. వాడి కళ్ళ ఎత్తుకి దిగి, చిన్న గొంతుతో ఒక్కసారి అడగండి, చాలు."

తాత మోకాళ్ళు పట్టుకుని "అబ్బా" అంటూ చాప పక్కన కూలబడ్డాడు. బుడ్డోడు ఒక్క ఉదుటున లేచి ఆయన మెడ కరుచుకున్నాడు. "పద తాతా, చెల్లిని చూద్దాం పద!"

అక్కడే చిక్కొచ్చింది. వాడి చాప మీద రెండు గాజు కూజాలున్నాయి, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి నీళ్ళు ఒంపే పని. (స్వేచ్ఛగా ఎంచుకున్నదే. కిటికీ దగ్గర నిలబడి తాత కోసం చూస్తుంటే, చూడడం పని కాదు, ఏదో ఒక పని స్వేచ్ఛగా ఎంచుకో అన్నారు.) మొదలెట్టిన పని ముగించి, సామాను అలమారలో పెట్టేదాకా పిల్లవాడికి ఇంటికి పోవాలనే కోరిక పుట్టదని నిబంధన.

"పుట్టిందిగా తల్లీ, మెడ పట్టుకు వేలాడుతుంటేనూ!"

"అది కోరిక కాదండీ, అంతరాయం."

బుడ్డోడు గబగబా ఒంపాడు. నీళ్ళు ఒలికాయి. ఒలికిన నీళ్ళు తుడవడం వేరే పని, దానికి వేరే చాప. తుడిచిన గుడ్డ ఉతకడం ఇంకో పని. ఉతికిన గుడ్డ ఆరితే గాని అలమారలో పెట్టకూడదు. ఎప్పుడారుతుందమ్మా అంటే, గుడ్డని కూడా తొందరపెట్టం అంది ఆవిడ.

నాలుగు దాటింది. తాత ఆగలేక ఆ గుడ్డ లాక్కుని, రెండు చేతులా పిండి, టపటపా దులిపాడు.

ఆ చప్పుడుకి లోపలి గదిలోంచి నిశ్శబ్ద విభాగాధిపతి వచ్చాడు. సాయం జరిగిందని నిర్ధారించుకున్నాడు. సాయం అందిన పని పిల్లవాడి ఖాతాలోకి రాదు కనక, మళ్ళీ మొదట్నుంచి, కూజాల దగ్గర్నుంచి.

"అయ్యా, అయిదుకి తలుపులేస్తారు. మళ్ళీ వారం దాకా తీయరు. దణ్ణం పెడతాను, వాణ్ణి ఎత్తుకుపోతాను."

"ఎత్తుకోవడమా?" విభాగాధిపతి నొచ్చుకున్నాడు. "నడవగలిగిన పిల్లవాణ్ణి ఎత్తుకుంటే వాడి కాళ్ళ మనసు కష్టపడదూ? అయినా పని ముగిసిందని మేం యాప్‌లో నొక్కితే గాని గేటు తెరుచుకోదండీ."

రెండోసారి బుడ్డోడు ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఒంపాడు. కూజాలు సర్దాడు, చాప చుట్టాడు, బూట్లు తానే వేసుకున్నాడు, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ. ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు. గేటు తెరుచుకుంది.

వాళ్ళు ఆస్పత్రి మెట్లెక్కేసరికి వార్డు తలుపు మూసేస్తున్నారు. సందులోంచి మంచం మీద పైకెత్తిన చెయ్యి ఒక్కటి కనిపించింది. "వచ్చే వారం రండి" అంది కాపలా మనిషి. బుడ్డోడు మెట్ల మీద కూలబడి చాలాసేపు ఏడ్చాడు. తాత దగ్గరికి తీసుకోబోతే తల తిప్పేసుకుని, చొక్కా అంచుతో మొహం తనే తుడుచుకున్నాడు.

మర్నాడు తాత ఈ మాట బడిలో చెబితే అధికారిణి కళ్ళు చెమర్చాయి. "తనంతట తానే ఏడుపు ఆపుకున్నాడా? ఎవరి సాయమూ లేకుండా? మూడున్నరేళ్ళకే?" అని అందరు టీచర్లనీ పిలిచి చెప్పింది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండమ్మా. బడి వెతుక్కునే తల్లీతండ్రీ ఎవరు కనిపించినా మరచిపోకుండా చెప్పండి, తొందరగా చెప్పండి. సీట్లు అయిపోతున్నాయిట.