సన్నవాడి బరువుపై సంఘం తీర్మానం

దెబ్బ తగిలితే గాయమవుతుందని వైద్యశాస్త్రం ఇన్నాళ్ళూ మనల్ని నమ్మిస్తూ వచ్చింది. అది తప్పు. గాయానికి మూలకారణం మనిషి సన్నగా ఉండటమేనని షామ్‌బర్గ్ పరిసర తెలుగు సంఘం 1984 నవంబరులో ఏకగ్రీవంగా తీర్మానించింది (కాదన్నది నా భార్య నళిని ఒక్కతే. ఆవిడకి ఓటు లేదు). ఆ సంఘానికి కార్యదర్శిని నేనే కాబట్టి ఈ వివరాలన్నీ సాధికారికం.

విషయమేమిటంటే, మా రాధాకృష్ణ, వసుమతిగార్ల అబ్బాయి రాజ్ ఇంట్లోంచే దగ్గర్లోని చిన్న కాలేజీకి వెళ్ళి చదువుకుంటూ, అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్ అంటే బాల్ పట్టుకుని ఎవరికి విసరాలా అని ఆలోచించేవాడు. అతను ఆలోచించేలోపల అవతలి జట్టువాళ్ళు నలుగురైదుగురు వచ్చి మీద పడతారు (ఆఫీసులో ప్రాజెక్ట్ మేనేజర్ పని కూడా ఇదే. అక్కడ హెల్మెట్ ఇవ్వరు). నిజానికి రాజ్ ఇన్నేళ్ళూ బెంచీ మీదే ఉన్నాడు. అసలు క్వార్టర్‌బ్యాక్ దున్నపోతులాంటి అబ్బాయి. అంతకుముందు శనివారం ఆ అబ్బాయికి మోకాలు పోయింది. సీజన్‌లో మిగిలింది ఒక్క ఆట. అందులో మొదటినుంచీ నువ్వే ఆడాలని కోచ్ రాజ్‌తో చెప్పాడు. వచ్చే సీజన్‌లోపే చదువు అయిపోతుంది కాబట్టి వాడికి ఇది తప్ప ఇంకో ఛాన్స్ లేదు.

వసుమతిగారు ఏడుస్తూ మా ఇంటికి వచ్చారు.

"చూడండన్నయ్యగారూ, వీడు నూట ఎనభై పౌండ్లట! అచ్చు వేసి అమ్ముతున్నారు!" అంటూ ఆటగాళ్ళ వివరాలతో ఆటల దగ్గర అమ్మే పుస్తకం నా మీదకి విసిరారు. కాలేజీలవాళ్ళు అవతలి జట్టుని భయపెట్టడానికి ఇలా బరువులు పెంచి రాయడం మామూలేనట. నా అంచనాలో ఆ నూట ఎనభైలో రాజ్, హెల్మెట్, బూట్లు, పక్కన నిలబడ్డ కోచ్ చెయ్యి ఒకటి ఉన్నాయి.

"రేపే కోచ్‌కి ఫోన్ చేసి వీణ్ణి ఆడించొద్దని చెప్పేస్తాను. లేదా సంఘం ఏదో ఒకటి తేల్చాలి," అన్నారావిడ.

సంఘం అంటే మా బేస్‌మెంట్. మంగళవారం సాయంత్రం సమావేశమయ్యాం. అధ్యక్షులు డాక్టర్ ఉమామహేశ్వరరావుగారు రాజ్‌ని దీపం కిందకి తీసుకెళ్ళి పరీక్షించి, ఎక్కడా దద్దుర్లు లేవని ప్రకటించారు (ఆయన చర్మవైద్యులు). తర్వాత హైవే డిపార్ట్‌మెంట్‌లో వంతెనలు కట్టే మా భీమశంకర్ నళిని కుట్టుమిషను దగ్గరున్న టేపు తెచ్చి రాజ్‌ని అడ్డంగానూ నిలువుగానూ కొలిచాడు. పొడుగ్గా, సన్నగా ఉన్న స్తంభం పక్కనుంచి తోస్తే మధ్యలో వంగిపోతుందట. అతని లెక్క ప్రకారం రాజ్ హెల్మెట్ పెట్టుకున్న రోజే విరిగిపోవాలి.

"హైస్కూల్‌నించీ పెట్టుకుంటున్నా అంకుల్," అన్నాడు రాజ్.

"అయితే నీ అదృష్టం. డిజైన్‌లో అదృష్టాన్ని లెక్కలోకి తీసుకోం," అన్నాడు భీమశంకర్.

నేను ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రమాదాల లెక్కలు చూస్తాను కాబట్టి ఆ కోణం నా వంతు. మా పట్టికల్లో క్వార్టర్‌బ్యాక్ అనే వృత్తి లేదు. దగ్గరగా కనిపించింది కిటికీలు తుడిచేవాళ్ళు. వాళ్ళ అంకెలు వాడాను. ఫలితం ఆందోళనకరంగా వచ్చింది.

రాజ్ ఓపిగ్గా విన్నాడు. "అంకుల్, నేను బాల్ ఫాస్ట్‌గా వదిలేస్తా. వాళ్ళు వస్తారు, అప్పటికి నేను అక్కడ ఉండను. దట్స్ ఇట్," అన్నాడు. ఇందులో సాంకేతిక వివరాలేవీ లేనందువల్ల కమిటీ దీన్ని పరిగణించలేదు.

అప్పుడే నళిని టీ ట్రేతో వచ్చి, "మరి ఆ లావుపాటి కుర్రాడికి మోకాలు ఎందుకు పోయింది?" అంది.

భీమశంకర్ టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

"అది ఈ రోజు అజెండాలో లేదమ్మా," అన్నారు డాక్టరుగారు.

"పోనీ ఈయన సంగతి? ఈ బరువుకి ఏ గాయమూ కాకూడదుగా. గ్యారేజ్ తలుపు ఎత్తబోయి నడుం పట్టేసింది. టీవీలో ఆట చూస్తూ సోఫాలోంచి లేవబోయి మెడ పట్టేసింది."

సభలో వ్యక్తిగత విమర్శలు తగవని కార్యదర్శి హోదాలో ఆక్షేపించాను. ఆక్షేపించడానికి లేవబోయాను గానీ నడుం సహకరించలేదు.

చివరికి తీర్మానం ఇలా కుదిరింది. రాజ్ ఆడవచ్చు, వసుమతిగారు కోచ్‌కి ఫోన్ చెయ్యరు. అందుకు బదులుగా శనివారంలోపల సంఘం వాడి ఒంటికి కండ పట్టించాలి. ఇంటింటికీ వంతులు వేశాం. నిబంధనలు నేనే రాశాను, వాటి విషయంలో ఇప్పటికీ కొంచెం గర్వంగానే ఉంది. అతిథి మొదటిసారి "చాలు" అంటే అది చెల్లదు. రెండోసారి అంటే గరిటెలో సగం. మూడోసారి అంటే వడ్డించే ఆవిడ మనసు నొచ్చుకున్నట్టు లెక్క, దానికి పరిహారంగా ఒక స్వీటు తినాలి. పెరుగన్నం భోజనం కిందకి రాదు.

రాజ్ ఒప్పుకున్నాడు. శనివారం ఆడాలంటే వాడికి ఇంకో దారి లేదు. పైగా ఆంటీలకి వద్దని చెప్పడం వాడికి ఎవరూ నేర్పలేదు. మీదకి దూకే భారీకాయుల్నుంచి పక్కకి తప్పుకోవడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చే ఆంటీల నుంచి తప్పుకునే ఎత్తుగడ ఆ కాలేజీలో ఇంకా నేర్పడం లేదు.

శుక్రవారం రాత్రి వంతు మాది. నళిని పులిహోర, గారెలు, ముద్దపప్పు చేసింది. ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చి, దారిలో ఒకసారి పగిలి, ఇంకో సీసాలోకి మారిన గోంగూర పచ్చడి బయటికి తీశాం. రాజ్ తింటూనే ఉన్నాడు. కాసేపటికి వాడి నుదుటి మీద చెమట పట్టింది.

"ఇంక వదిలెయ్యండి, పాపం," అంది నళిని.

"రేపు మైదానంలో ఎవరూ పాపం అనరు," అని నా చేత్తోనే ఇంకో నాలుగు గారెలు వేశాను. వాడు నా వైపు చూసి, నవ్వి, తిన్నాడు.

శనివారం సంఘమంతా స్టేషన్ వ్యాగన్‌లలో కాలేజీకి తరలివెళ్ళింది. విపరీతమైన చలిగాలి. వసుమతిగారు చూడలేనని కార్లోనే కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మేం మంకీ క్యాపులు పెట్టుకుని బెంచీల మీద బారుగా కూర్చున్నాం. జట్టు మైదానంలోకి వచ్చింది. బాల్ పట్టుకున్న క్వార్టర్‌బ్యాక్ రాజ్ కాదు, మాకెవరికీ తెలియని ఇంకో అబ్బాయి.

కాసేపటికి కోచ్ మనిషి ఒకాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. (పెద్దగా వెతకక్కర్లేదు. అన్ని మంకీ క్యాపులు ఇల్లినాయిలో ఇంకెక్కడా లేవు.) రాజ్ తెల్లవారుజామునుంచీ బాత్‌రూమ్‌లోంచి బయటికి రావడం లేదట. నిన్న వాడు ఏం తిన్నాడో మాకేమైనా తెలుసా అని అడిగాడు. భీమశంకర్ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. కోచ్ మనిషి గోంగూర దగ్గర ఆపించి, స్పెల్లింగ్ అడిగాడు.

మా జట్టు ఓడిపోయింది. అందరూ వెళ్ళిపోయాక లాకర్ రూమ్ తలుపు దగ్గర రాజ్ కనిపించాడు. దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. వేసుకోవలసిన చొక్కా మడత విప్పకుండా చంకలో ఉంది. నేను ఏదో అనబోయాను.

"ఇట్స్ ఓకే అంకుల్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఫుడ్ వల్ల అని అమ్మకి చెప్పొద్దు. ఫ్లూ అని చెప్పండి. షీ విల్ ఫీల్ బ్యాడ్. నళిని ఆంటీకి కూడా," అన్నాడు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. అలాగే నాన్నా అన్నాను. కారు దగ్గరికి వెళ్ళి ఫ్లూ అని చెప్పాను. వసుమతిగారు కళ్ళు తెరిచి, దెబ్బలేం తగల్లేదుగా అని అడిగారు. లేదన్నాను. ఆవిడ అక్కడే దణ్ణం పెట్టుకున్నారు.

డిసెంబరులో సంఘం వార్షిక సమావేశం జరిగింది. నివేదిక చదవడం కార్యదర్శి బాధ్యత. మన రాజ్‌కి ఈ సీజన్‌లో ఒక్క గాయం కూడా కాలేదని, సంఘం చేపట్టిన చర్యలు నూటికి నూరుపాళ్ళు ఫలించాయని చదివాను. వచ్చే ఏడాది ఈ పథకాన్ని టెన్నిస్ ఆడే ఆడపిల్లలకి కూడా విస్తరించాలని డాక్టరుగారు ప్రతిపాదించారు, భీమశంకర్ బలపరిచాడు.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. రాజ్ కొట్టలేదు. వాడి చేతుల్లో ప్లేటు ఉంది, మళ్ళీ వడ్డిస్తున్నాం.