గోడ మీది సిపాయి

1915లో ఒక ఉదయం పాలబండి తోలుతూ ఈనక్ హార్‌గ్రీవ్స్ అనుకున్నది ఒక్కటే: పాలు పోయడం అవగానే ఊళ్లోని ఒక చిత్రకారుడి ఇంట్లో బొమ్మ కోసం కాసేపు కదలకుండా నిలబడి, భోజనం వేళకి ఇల్లు చేరాలి. ఊపిరితిత్తులు బాగోలేవని సైన్యం అతన్ని తిప్పి పంపింది. మొహం మాత్రం అచ్చం సిపాయి మొహమని చిత్రకారుడికి తోచింది. అరువు యూనిఫారం తొడిగించి, సైన్యంలో చేరమని పిలిచే పోస్టరుకి బొమ్మ గీశాడు.

నెల తిరక్కుండా, ఇంగ్లండులో లాంకషైర్ జిల్లాలోని ఆ బట్టల మిల్లుల ఊళ్లో ఏ గోడ మీద చూసినా ఈనక్ వేలు చూపిస్తూ, "నేను వెళ్తున్నాను, మరి నువ్వు?" అని అడగసాగాడు.

పాలబండి తోలుతూ కనిపిస్తే, యుద్ధం నుంచి సెలవు మీద వచ్చాడనుకున్నారు జనం. కాదని చెప్పబోతే దగ్గొచ్చింది. జర్మన్ల విషవాయువు పీల్చాడని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చివరికి సభ పెట్టి వేదిక ఎక్కించారు. "నేనసలు యుద్ధానికి..." అనేసరికి మళ్లీ దగ్గు. అదే అదనుగా బ్యాండు మోగింది. మిల్లు పనివాళ్లు పేర్లివ్వడానికి తోసుకున్నారు.

వాళ్లలో అతని భార్య హెటీ తమ్ముడు వాల్టర్ కూడా ఉన్నాడు. ఈనక్ అతన్ని పక్కకి లాగాడు.

"నేను పాలక్యాన్లు తప్ప ఏమీ మొయ్యలేదని నీకు తెలుసు కదరా."

"తెలుసు బావా. కానీ రోజూ పనికెళ్తుంటే నీ మొహమే అడుగుతోంది. మనింట్లోంచి ఒక్కడన్నా వెళ్లకపోతే ఎలా?"

మరుసటి వేసవిలో వాల్టర్ ఫ్రాన్సులో చనిపోయాడు. హెటీ మిల్లుకి చుట్టుదారిన వెళ్లడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "ఆ సందులో నువ్వున్నావు" అంది.

మర్నాడు ఈనక్ కత్తితో ఆ పోస్టరు గీకుతుంటే, ఊరికి కొత్తగా వచ్చిన కానిస్టేబులు మెడ పట్టుకున్నాడు. అది తన మొహమేనని ఈనక్ చెప్పాడు. దిగులుతో చిక్కి, గడ్డం మాసిన అతన్ని కానిస్టేబులు ఎగాదిగా చూశాడు.

"ఆయన నీకోసం అక్కడ ప్రాణాలొడ్డుతుంటే, నువ్విక్కడ ఆయన మొహం గీకుతావా? ఆయనకి క్షమాపణ చెప్పు."

ఈనక్ టోపీ తీసి, వాల్టర్‌ని తలుచుకుని చెప్పాడు. కానిస్టేబులు సంతృప్తిపడ్డాడు.

ఆ పై ఏడు మనుషులు చాలక, సైన్యం తిప్పి పంపినవాళ్లని మళ్లీ పిలిచింది. అదే డాక్టరు అదే ఛాతీ చూసి, భేషుగ్గా ఉందన్నాడు. స్టేషనులో హెటీ అతని మెడకి మఫ్లరు చుట్టింది.

"దగ్గొస్తే ఆపుకోకు. గట్టిగా దగ్గు. ఎవరైనా విని పంపించేస్తారేమో."

ఎవరూ పంపలేదు. అతను తిరిగి రాలేదు.

రైలు వెళ్లిన వారానికే, అతని బొమ్మ మీద, గోధుమల కొరత వల్ల రొట్టె తక్కువ తినమని చెప్పే కొత్త పోస్టరు అంటించారు.