స్వామి కార్డు మీద బిర్యానీ

ఆ మధ్యాహ్నం ఢిల్లేశ్వరరావు ఇంట్లో అయ్యప్ప స్వాములకు భిక్ష. పొద్దున్నే కోటబొమ్మాళి వెళ్లి కూరగాయలు తేవాలనుకున్నాడు. కార్డులో ఎంత మిగిలిందో చూడమని భార్య ప్రమోదినికి ఫోను ఇచ్చాడు. స్టేట్‌మెంటు చదువుతూ ఆమె ఒకచోట ఆగింది.

"స్వామీ, టెక్కలి బిర్యానీ ఎలాగుంది స్వామీ?"

మాల వేసుకున్న మొగుణ్ణి స్వామీ అని తప్ప పిలవకూడదు. దీక్షలో ఉన్నవాడు కోపగించుకోకూడదు. ఇద్దరూ నియమం తప్పలేదు.

"నాను తిన్నేదు మాతా."

"మరి కార్డెల్లి తినొచ్చిందేటి? సముద్ర బిర్యానీ హౌస్, రొండు వేల చిల్లర. మాలేసుకున్న వారానికే. ఒక్కరి తిండి కాదిది. ఎవర్ని తీసుకెల్లారు స్వామీ?"

ఢిల్లేశ్వరరావు బ్యాంకుకు ఫోను చేశాడు. "ఆహారం అందలేదా సార్, నచ్చలేదా?" అని అడిగింది అవతలి అమ్మాయి. రెండూ కాదన్నాడు. తన దగ్గర ఆ రెండు రకాల ఫిర్యాదులే ఉన్నాయంది. ఎందుకైనా మంచిదని కార్డు ఆపేసింది. కూరగాయలకు ప్రమోదిని పోపుల డబ్బా తెరవాల్సి వచ్చింది.

అతను ఫోనులో అరిచిన మాటలు పక్కింటి స్వామి విన్నాడు. కాసేపటికి గురుస్వామి జగన్నాథరావు ఫోను చేశాడు.

"మాల మీద మాంసం తిన్నోలింట్లో మేవెలా తింటాం స్వామీ? రుజువట్టుకు రండి. నేదంటే శబరిమల బస్సులో మీకు సీటు నేదు."

ఢిల్లేశ్వరరావు చెప్పుల్లేని కాళ్లతో బండి తన్ని టెక్కలి వెళ్లాడు. బిర్యానీ హౌస్ ముందు రోడ్డు మీదే నిలబడి యజమానిని పిలిచాడు. లారీల మోతలో అతనికి వినిపించలేదు. లోపలికి రమ్మని చెయ్యూపాడు. ఢిల్లేశ్వరరావు నల్ల కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని కౌంటరు దాకా వెళ్లాడు.

"ఇది మా బిర్యానీ కాదు స్వామీ," అన్నాడు యజమాని. "పక్కన పూజా సామాన్ల కొట్టు మనోహర్ కార్డు మిషను పాడైతే మాది అట్టుకెల్లాడు. గీకింది ఆడు, పేరు పడింది మాది."

అప్పుడు గుర్తొచ్చింది. గుంపు మొత్తానికి నెయ్యి, ఇరుముడి గుడ్డలు కొన్నది ఆ రోజే. మనోహర్ బిల్లు మళ్లీ రాసిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి స్వాములు గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. స్వాముల వాట్సాప్ గ్రూపులో గురుస్వామి ఒక ఫొటో పెట్టాడు. బిర్యానీ హౌస్ కౌంటరు దగ్గర నల్లబట్టల్లో ఢిల్లేశ్వరరావు. కింద 'కళ్లారా చూశాను' అని రాసి ఉంది. అతను బిల్లు చాపాడు. ఎవరూ అందుకోలేదు.

వెనకాలే జగన్నాథరావు బండి ఆగింది. తాళాలు తిప్పుకుంటూ లోపలికొచ్చాడు. వాటికి ఇత్తడి అయ్యప్ప బొమ్మ వేలాడుతోంది.

"ఇంకేటి రుజువు కావాలి స్వామీ?"

ప్రమోదిని మొగుడి ఫోను అందుకుంది. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసింది. అడుగున టేబులు అంచు, దాని మీద పళ్లెం, పళ్లెంలో సగం కొరికిన కోడికాలు. పక్కన తాళాలు, ఇత్తడి అయ్యప్ప బొమ్మ.

"గురుస్వామీ, కూకొని తీసినట్టున్నారు. ఈ పళ్లెం ఎవరిది స్వామీ?"

స్వాములు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఫొటో చూశారు. తరవాత ఒకరి తరవాత ఒకరు వెళ్లి విస్తళ్ల ముందు కూర్చున్నారు. ప్రమోదిని వడ్డించింది.

గురుస్వామి ఆకలి లేదన్నాడు.