ప్రమాణపు ఎరుపు

ఆ ఉదయం రాజాం వైపు ఆకాశం ఎర్రగా ఉంది. ఎంత ఎర్రగా ఉందో తేల్చే అధికారం మాత్రం చుట్టుపక్కల పదకొండు ఊళ్లలో ఒక్క పంచాయతీ సమితి ఆసుపత్రి కిటికీలోని గాజు గొట్టానికే ఉంది.

దాని పేరు ప్రమాణ నాళిక. మద్రాసు రాష్ట్రం నాటిది. ఆరోగ్యవంతుడి రక్తానికి ఏ రంగు ఉండాలో ఆ రంగు నీళ్లు పోసి సీలు వేశారు. రోగి వేలు పొడిచి, చుక్క రక్తం పక్క గొట్టంలో వేసి, నాళిక రంగుకు దిగేదాకా నీళ్లు కలపాలి. ఎన్ని గీతలు నిండితే అంత రక్తం ఉన్నట్టు.

ఇది 1968. పదహారేళ్లుగా నాళిక తూర్పు కిటికీలో ఎండకు నిలబడి ఉంది (వచ్చే అధికారులకు కనబడాలని రూలు). రంగు వెలిసి వెలిసి, మూడోసారి కాచిన టీ అయింది. అంత పలచనకు ఎవరి రక్తాన్ని దించాలన్నా నీళ్లు పోస్తూనే ఉండాలి. పోసినకొద్దీ ప్రజల్లో రక్తం పెరిగింది. ఇనుము మాత్రలు అరవై గీతల లోపు వాళ్లకే. మూడేళ్లుగా సమితిలో అలాంటివారు లేరు. మాత్రలు డబ్బాల్లో క్షేమంగా ఉన్నాయి. జిల్లా నుంచి అభినందన కూడా వచ్చింది.

జగ్గమ్మకు ఇవేవీ తెలియవు. ఐదో నెల కడుపుతో ఉన్న కోడలు దాలమ్మ వరి ఉడుపుల్లో రెండుసార్లు మడిలో కూలబడింది. కింది రెప్ప లాగి చూస్తే లోపల ముల్లంగి ముక్కలా ఉంది. అందుకే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించుకొచ్చింది.

కాంపౌండరు జ్ఞానానందం వేలు పొడిచి, నీళ్లు పోశాడు. పోశాడు. గొట్టం మీద గీతలు అయిపోయాయి.

"నూట నలభై," అన్నాడు తల వంచుకుని.

"అంటే ఏటి బావూ?"

"రక్తం ఎక్కువుందమ్మా. మాత్రలు రావు."

"నీకు కళ్లు అగుపించట్నేదా? దాని మొకం సూడు, సున్నం కొట్టిన గోడనాగున్నాది!"

"కంటితో రంగు చూడకూడదు. పద్నాలుగో రూలు." (రూలు గోడకు అంటించి ఉంది. చదవడానికి కళ్లు వాడవచ్చు.)

తనిఖీకి వచ్చి లోపల కూర్చున్న వర్ణ నిర్ధారణాధికారి నరసింగరావు ఆ అంకె విని బయటికొచ్చారు. జిల్లాలో అంత రక్తం ఎవరికీ లేదు. "ఇంత సరుకు ఒక్కరి దగ్గర నిల్వ ఉండటం న్యాయం కాదు," అని, ఎల్లుండి శ్రీకాకుళంలో జరిగే రక్తదానానికి దాలమ్మ పేరు మొదట రాశారు.

దాలమ్మ గోడ వారగా జారి కూర్చుంది. "రక్తభారం," అని అధికారి ఆమె పేరు పక్కన రాసుకున్నారు.

జ్ఞానానందం కిటికీ వైపు చూశాడు. "నాళిక వెలిసిందేమో సార్."

"వెలవని దానితో పోల్చి రుజువు చెయ్యాలి. అది జిల్లా ఆఫీసులో ఉంది."

"అది వెలవలేదని ఎలా తెలుసు సార్?"

"పోయినేడు దీనితోనే పోల్చాం. అచ్చం ఒకలాగే ఉన్నాయి."

జగ్గమ్మ కిటికీ దగ్గరకు పోయి గొట్టాన్ని ఎగాదిగా చూసింది. "ఓలమ్మో, రగతం నేంది దీనికి బావూ! మా దాలికంటే తెల్లగున్నాది. ముందు దీనికే ఇయ్యండి ఆ మాత్తర్లు."

అధికారి నవ్వలేదు. రూల్సు పుస్తకం తెరిచారు. అరవై గీతల షరతు మనుషులకే గాని, సర్కారు సామానుకు లేదు. నాళికకు రోజుకు రెండు మాత్రల చొప్పున తొంభై రోజులకు మంజూరు చేశారు. వయసు: పదహారు. మింగించే బాధ్యత: కాంపౌండరుది. నాళిక కోలుకునేదాకా దాని కొలతలు చెల్లవు గనుక, దాలమ్మ రక్తదానం కూడా వాయిదా వేసి జీపెక్కారు.

మధ్యాహ్నం వరండాలో జగ్గమ్మ చోడి అంబలి ముంత విప్పింది. జ్ఞానానందం క్యారియర్ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. అతను రెండు మాత్రలు దాలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె మింగింది. "నాళిక భోజనానంతరం మాత్రలు వేసుకుంది," అని అతను ఎడంచేత్తో రిజిస్టర్లో రాసి, మళ్లీ అన్నం కలుపుకున్నాడు.

ఆ ఏడాది సమితి మొత్తంలో రక్తం చాలదని సర్కారు ఒప్పుకున్నది ఆ గాజు గొట్టానికి ఒక్కదానికే.