పదకొండు కుర్చీల తనిఖీ

ఆదివారం తొమ్మిదిన్నరకు బయల్దేరి, పాపకు తిండి పెట్టే ఎత్తు కుర్చీ ఒకటి కొనుక్కుని, పదకొండింటికల్లా ఇల్లు చేరాలని లిఫ్టుల ఇన్‌స్పెక్టరు పథకం. పథకంలో తప్పేమీ లేదు. వేసిన మనిషి లిఫ్టుల ఇన్‌స్పెక్టరు కావడమే వచ్చిన చిక్కు.

అవసరం మాత్రం నిజంగానే పీకల మీదికి వచ్చింది. సెలవు అయిపోయి, పాప తల్లి సోమవారం నుంచి మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలి. ఎనిమిది నెలల పాపకేమో చంకనెత్తుకుని అటూ ఇటూ తిప్పితే తప్ప ముద్ద దిగదు. తిప్పే మనిషి ఆగితే నోరు మూసేస్తుంది. పగలంతా చూసుకోవలసిన తాతయ్యకు మోకాళ్ల నొప్పులు.

"ఇది కుర్చీలో కూర్చుని తినకపోతే నేను ఆఫీసుకెళ్లి మాత్రం ఏం చెయ్యను? దీని ఆకలే గుర్తొస్తూ ఉంటుంది" అంది భార్య.

"నువ్వు నిశ్చింతగా ఉండు. మంచిది చూసి తెస్తాగా."

"చూసి తెండి చాలు. పరీక్షలు పెట్టకండి."

ఆయన అప్పటికే పాపను తూచాడు. ఎనిమిది కిలోలు. లిఫ్టుల దగ్గరి అలవాటు కొద్దీ మరో నాలుగో వంతు కలిపి, పది కిలోల పిండి సంచి సిద్ధం చేశాడు. బెల్టులు సరిగ్గా పడాలని దానికి పాప గౌను తొడిగాడు. ఆఫీసు బ్యాగు భుజాన, గుర్తింపు కార్డు మెడలో ఎలాగూ ఉంటాయి.

దుకాణంలో అలాంటి కుర్చీలు పదకొండు ఉన్నాయి. ఆయన మొదటిదాన్ని నడవ మధ్యకు లాగి, సంచిని కూర్చోబెట్టి, బెల్టు బిగించి, రెండు చేతులతో కుదిపాడు. గోరంత ఊగింది. దాన్ని పక్కకు జరిపి రెండోది అక్కడికే లాగాడు. అదీ ఊగింది. నేల తుడిచే ఆవిడ దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయింది.

"తనిఖీ జరిగేటప్పుడు మధ్యలో మాట్లాడకూడదమ్మా" అన్నాడాయన మర్యాదగానే.

వెనక నుంచి చూసిన ఒక పెద్దావిడకు గౌను కనిపించింది, దాన్ని పట్టుకుని కుదిపేస్తున్న తండ్రి కనిపించాడు.

"అయ్యో అయ్యో! పసిపిల్లని అలా కుదిపేస్తారా? అసలు మీకు మనసుందా?"

"పిల్ల కాదండీ. పది కిలోల పిండి" అన్నాడు తల తిప్పకుండా.

"కన్నబిడ్డని పట్టుకుని పిండి అంటాడేమిటీయన!"

ఆ కేకకు పదిమంది పోగయ్యారు. మేనేజరు పరుగెత్తుకొచ్చి, సంచిని తడిమి చూసి, హమ్మయ్య అనుకున్నాడు. తర్వాత మెడలోని కార్డు మీద 'తనిఖీ అధికారి' అన్నంత వరకు చదివి నీళ్లు నమిలాడు. కింది వరుసలో 'లిఫ్టులు' అని ఉంది గానీ, అంత కిందికి చదివే ధైర్యం అతనికి లేకపోయింది.

"ముందే చెప్పుంటే మేమే అన్నీ సిద్ధం చేసేవాళ్లం కద సార్!"

"ఫరవాలేదండీ. తర్వాతది ఇలా పెట్టించండి."

పదకొండూ ఊగాయి. ఊగినదానికల్లా ఇన్‌స్పెక్టరు బ్యాగులోంచి ఎర్ర అట్ట చీటీ తీసి, 'వాడరాదు' అని రాసి, సంతకం చేసి కట్టేశాడు. ఇరవై ఏళ్ల అలవాటు. పోగైన జనం ఆయనకు దణ్ణం పెట్టి ఖాళీ చేతులతో వెళ్లిపోయారు. పన్నెండున్నరయింది. చుట్టూ చూసుకుంటే కొనడానికి కుర్చీ మిగల్లేదు.

"పోనీ, వీటిలో తక్కువ ఊగేది ఒకటివ్వండి" అన్నాడు నెమ్మదిగా.

"మమ్మల్ని పరీక్షిస్తున్నారా సార్? మీరు సంతకం పెట్టినదాన్ని అమ్ముతామా!" మేనేజరు చేతులు జోడించాడు.

"నేను కొనడానికే వచ్చానండీ!"

"తనిఖీకి వచ్చినవాళ్లు అలాగే అంటారు సార్."

ఫోనెత్తని భర్తను వెతుక్కుంటూ, చంకలో పాపతో, చేతిలో గిన్నెతో భార్య వచ్చింది అప్పుడే. తిండివేళ ఎప్పుడో దాటింది. ఆమె ఎవరినీ ఏమీ అడక్కుండా, నడవ మధ్యలో మిగిలిన పదకొండో కుర్చీలో పాపను కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, చెంచా అందించింది. కుర్చీ టకటకమని ఊగింది. పాప నోరు తెరిచింది. మళ్లీ ఊగింది, మళ్లీ తెరిచింది. గిన్నె ఖాళీ అయింది. తల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదే కావాలి" అంది.

"అది ఊగుతోందే!"

"ఊగేది కుర్చీ కాదు బాబూ, కింద బండ" అంది నేల తుడిచే ఆవిడ. "రోజూ తుడిచేదాన్ని, నాకు తెలీదా? అక్కడ నా బకెట్టు పెట్టినా ఊగుతుంది. పొద్దుట్నుంచీ చెబుదామంటే మీరు చెప్పనిస్తేగా!"

ఇన్‌స్పెక్టరు వంగి బండను చూశాడు. చేత్తో నొక్కితే అదీ గోరంత ఊగింది. తర్వాత పదకొండు చీటీలూ తన చేత్తోనే విప్పి జేబులో పెట్టుకుని, కుర్చీ కొని ఇంటికి తెచ్చాడు.

వాళ్ల వంటగది నేల ఆయన దగ్గరుండి, మట్టం చూసి మరీ వేయించింది. సాయంత్రం కుర్చీ దాని మీద రాయిలా నిలబడింది. తాతయ్య చెంచా చాపాడు. పాప నోరు మూసుకుంది. బతిమాలాడు. తల అటు తిప్పుకుంది. భార్య గోడ మీది క్యాలెండరులో సోమవారం వైపు చూసింది.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి ఒక ఎర్ర చీటీ తీశాడు. నాలుగు మడతలు పెట్టి, వంగి, కుర్చీ వెనక కాలి కింద దూర్చాడు. కుర్చీ టకటకలాడింది. పాప నోరు తెరిచింది.

'వాడరాదు' అని ఆయన సంతకంతో సహా ఉన్న ఆ చీటీని ఆ ఇంట్లో ఇప్పుడు మూడు పూటలా వాడుతున్నారు.